నేను ఏరి పంపిన స్లైడ్లు

ముందే చెప్పేస్తున్నాను, ఈ రోగంతో నేను వీరోచితంగా పోరాడిందేమీ లేదు. బేరమాడాను. అదీ దొంగ బేరం. ఇప్పుడు కుట్లు మానాయి, రక్తపరీక్ష రెండుసార్లు శుభ్రంగా వచ్చింది, దగ్గు వచ్చినప్పుడల్లా బాత్రూము ఎక్కడుందో వెతుక్కునే అవస్థ కూడా చాలావరకు తగ్గింది. అందుకే రాస్తున్నాను. యాభై దాటిన మగవాళ్లెవరైనా చదువుతుంటే నవ్వుకోండి, తిట్టుకోండి. నేను చేసిన పని మాత్రం చేయకండి.

జనవరి

మా నాన్నది తెనాలిలో పప్పుల హోల్‌సేల్ దుకాణం. బస్తా విప్పకుండా లోపలి సరుకు చూడడానికి ఆయన దగ్గర మొనదేలిన ఇనప గొట్టం ఒకటి ఉండేది. బస్తా పక్కలో గుచ్చి లాగితే పిడికెడు గింజలు వచ్చేవి. వాటిని అరచేతిలో పరిచి, పుచ్చులెన్ని, మట్టెంత అని చూసి, బస్తా మొత్తం సంగతి తేల్చేవాడు. యాభై ఎనిమిదేళ్ల వయసులో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో, యూరాలజిస్టు డాక్టర్ బెన్నెట్ నా బయాప్సీ ఎలా చేస్తాడో చెబుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. ఏటా చేయించుకునే రక్తపరీక్షలో ప్రోస్టేట్ గ్రంథి సంగతి చెప్పే పీఎస్‌ఏ అంకె పెరుగుతూ వచ్చింది, స్కాన్‌లో ఏదో నీడ కనిపించింది, కాబట్టి ప్రోస్టేట్‌లో పన్నెండు చోట్ల సూది గుచ్చి దారప్పోగుల్లాంటి ముక్కలు లాగుతాడట.

"ఈ మాట విని నవ్విన మొదటి పేషెంట్ మీరే," అన్నాడాయన.

"మా ఇంటి విద్యే, డాక్టర్. కాకపోతే ఈసారి బస్తా నేను."

ఆ నవ్వు బయాప్సీ బల్ల దాకా కూడా రాలేదు. ప్రతి సూదికీ స్టేప్లర్ కొట్టినట్టు ఠక్కుమని ఒక చప్పుడు. పన్నెండూ లెక్కపెట్టాను. బయట కూర్చున్న మా ఆవిడ రాజ్యం, నేను వచ్చేసరికి అక్కడున్న ఒకే ఒక్క పత్రికని నాలుగోసారి తిరగేస్తోంది. అది చేపలు పట్టడం గురించి.

ఫలితం డాక్టరు కంటే ముందు నా ఫోనుకే వచ్చింది. ఆఫీసు మీటింగులో ఉన్నాను. కెమెరా ఆపేసి చదివాను. పన్నెండు చోట్లలో ఐదింట క్యాన్సర్. మూడు చోట్ల 3+3=6 అని, రెండు చోట్ల 3+4=7 అని ఉంది. పదికి ఆరు, ఏడు అంటే మా కాలంలో ఫస్ట్ క్లాసు. ఒక్క క్షణం పాసయ్యానని సంతోషించిన సంగతి కూడా దాచను.

రెండు రోజుల తర్వాత బెన్నెట్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. మైక్రోస్కోపు కింద క్యాన్సర్ ఎంత క్రమం తప్పి పెరిగిందో చూసి పాథాలజిస్టు నంబరు వేస్తారు. మూడంటే ఇంకా కాస్త పద్ధతిగా ఉన్నట్టు. నాలుగంటే పద్ధతి చెడినట్టు. ఐదంటే పూర్తిగా చేయి దాటినట్టు. ఎక్కువగా ఉన్న రకం నంబరు ముందు రాస్తారు, రెండోది దాని పక్కన. రెండూ కలిపితే స్కోరు.

"మరి ఒకటి, రెండు ఎవరికి వేస్తారు?"

"ఈ రోజుల్లో బయాప్సీలో ఎవరికీ వేయరు. అన్నిటికంటే తక్కువంటే ఆరే."

ఆరుతో బోణీ చేసే బజారు నేనెక్కడా చూడలేదు. ఆరు అనగానే పేషెంట్లు హడలిపోతున్నారనే ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడ్ గ్రూపులని కూడా పెట్టారట. నాది రెండో గ్రూపు.

"అన్నీ ఆరే అయితే ఏం చేసేవాళ్లు?" అని అడిగాను.

"కత్తి పెట్టకుండా కనిపెట్టుకుని ఉండేవాళ్లం. రక్తపరీక్షలు, స్కాన్లు, మళ్ళీ ఎప్పుడో ఒక బయాప్సీ. ఏడులో కూడా నాలుగో రకం బాగా తక్కువగా ఉంటే కొందరిని అలాగే ఉంచుతాం. మీ విషయంలో నాకు అంత ధీమా లేదు. ఆపరేషనో, రేడియేషనో ఆలోచించాలి."

తర్వాత ఆపరేషన్ వల్ల రాగల ఇబ్బందులు చెప్పాడు. మూత్రం మీద పట్టు తప్పడం ఒకటి. రెండోది భార్యాభర్తల మధ్య సంగతి. రాజ్యం గోడ మీది కిడ్నీ బొమ్మని అంత శ్రద్ధగా ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. నేను మాత్రం అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాను. నాకు ఆరు కావాలి.

ఫిబ్రవరి

మొదట చెప్పిన మాటకి తలూపి వచ్చేసేవాడు మా ఇంట్లో పుట్టలేదు. ఆ ముక్కలు అతికించిన గాజు స్లైడ్లు ఇంకో పాథాలజిస్టుకి చూపిస్తానన్నాను. బెన్నెట్ మంచిదేనన్నాడు. స్లైడ్లు డాలస్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి పంపాలి. అందుకు మొదటి ల్యాబ్ కౌంటరు దగ్గర ఒక ఫారం నింపాలి. ఏ స్లైడ్లు పంపాలో అందులో టిక్ పెట్టాలి.

మా బజారులో ఒక పద్ధతుంది. బస్తా మూతి దగ్గర మేలైన గింజ పోస్తారు. అది మోసం కింద ఎవరూ లెక్కెయ్యరు. కొనేవాడు చెయ్యి లోపలిదాకా పెట్టి చూసుకోవాలి, చూసుకోకపోతే వాడి ఖర్మ. ఇంకో పద్ధతి, మొదటి వర్తకుడు చెప్పిన ధర రెండోవాడి చెవిన వెయ్యకూడదు. ఈ రెండు పద్ధతులూ ముప్ఫై ఏళ్లు సాఫ్ట్‌వేర్ రాసినా నా చేతుల్లోంచి పోలేదని ఆ కౌంటరు దగ్గర తెలిసింది. 3+3 అన్న మూడు చోట్లకి టిక్ పెట్టాను. మిగతావి వదిలేశాను. మొదటి రిపోర్టు జతచేయాలా అన్న చోట 'వద్దు' అని రాశాను.

కౌంటరులో అమ్మాయి ఫారం చూసి, "ఈ మూడేనా సర్?" అంది.

"ఈ మూడు చాలు," అన్నాను. అచ్చం నాన్న గొంతు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. 3+3=6, గ్రేడ్ గ్రూపు ఒకటి. దాని కింద సన్నక్షరాల్లో ఏదో ఉంది. మాకు మూడు చోట్ల స్లైడ్లే అందాయి, మొదటి రిపోర్టు అందలేదు, వీటిని బట్టి మొత్తం మీద గ్రేడు చెప్పలేం అని. ఆ వాక్యం నేను చదివాను. చదివి, అది కనబడకుండా పై రెండు వరుసలే స్క్రీన్‌షాట్ తీసి రాజ్యానికి, మోరిస్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సాహితికి పంపాను.

రాజ్యం ఆ సాయంత్రం పరమాన్నం వండి దేవుడి ముందు పెట్టింది. దణ్ణం పెడుతూ ఏడ్చింది. నేను ఆ పరమాన్నం తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా.

మర్నాడు బెన్నెట్ ఆఫీసుకి ఫోన్ చేసి, అపాయింట్‌మెంట్ వాయిదా వెయ్యమన్నాను. ఆ వారం హాయిగా నిద్రపోయాను. ఎవరైనా అడిగితే 'ఆరే' అని నిజాయితీగా చెప్పేటంతగా నమ్మేశాను.

మార్చి

టోల్‌వే మీద డ్రైవ్ చేస్తుండగా కారు స్పీకర్లో ఫోన్ మోగింది. పక్క సీట్లో రాజ్యం. నేను ఎత్తేలోపు తనే నొక్కింది.

"మిస్టర్ సాంబశివరావ్? నేను డాక్టర్ మెర్సర్, మీ స్లైడ్లు చూసిన పాథాలజిస్టుని. మామూలుగా మేము పేషెంట్లకి ఫోన్ చేయం."

స్పీకర్ ఆపుదామని చెయ్యి జాపితే వైపర్లు తగిలాయి. ఎండలో, పొడి అద్దం మీద అవి కీచుమంటూ ఊగుతుంటే ఆవిడ చెప్పుకుపోయింది.

"మొదటి ల్యాబ్ రిపోర్టు నేనే అడిగి తెప్పించుకున్నాను. నిన్న వచ్చింది. అందులో ఐదు చోట్ల క్యాన్సర్ ఉంది. నాకు వచ్చినవి మూడు. ఆ మూడూ ఆరులే. ఏడు అని రాసిన రెండూ రాలేదు. ల్యాబ్ పొరపాటేమో అనుకుని అడిగితే, మీ సంతకం ఉన్న ఫారం పంపారు. ఏరింది మీరేనా?"

"...అవును."

"ఎందుకని?"

"ఆరు కావాలని."

ఆవిడ నవ్వలేదు. "మిగతావన్నీ పంపండి. క్యాన్సర్ లేదన్నవి కూడా. అన్నీ," అని పెట్టేసింది.

"బండి పక్కకి ఆపండి," అంది రాజ్యం.

ఆపాను. వైపర్లు కూడా ఆపాను.

"నాచేత పరమాన్నం వండించారు. దేవుడికి నైవేద్యం పెట్టించారు."

"రాజ్యం, అది నేను..."

"ఆగండి. నన్ను మాయ చేస్తే చేశారు, ముప్ఫై ఏళ్లుగా నాకు అలవాటే. చీర ఎలా ఉందంటే తలెత్తకుండా బాగుందంటారు. కానీ ఆ రోగాన్ని మాయ చేద్దామనుకున్నారా? లోపల కూర్చున్నది మీ రిపోర్టు చదువుతుందా? చదివి, అయ్యో నేను ఆరే కదా అని సర్దుకుని కూచుంటుందా?"

ఎదుటివాడి మాటకి పైమాట తోచకపోవడం అంటే ఏమిటో ఆ రోడ్డు పక్కన మొదటిసారి తెలిసింది. లారీలు పోతున్నప్పుడల్లా కారు ఊగేది. చివరికి తనే నా చెయ్యి తీసుకుంది, విడిచిపెట్టాక కూడా వేలి గుర్తులు ఉండేంత గట్టిగా.

సాహితికి ఫోన్‌లో రాజ్యమే చెప్పింది. స్పీకర్ పెట్టమని అడిగి మరీ తిట్టింది నా కూతురు.

"నాన్నా, యూ చీటెడ్? నీ ఓన్ బయాప్సీ మీద?"

"చీటింగ్ కాదమ్మా, కొంచెం సెలెక్ట్ చేసి..."

"నాకు మ్యాథ్స్‌లో బీ వస్తే నువ్వు టూ డేస్ నాతో మాట్లాడలేదు. ఎట్‌లీస్ట్ అది నా రియల్ గ్రేడ్!" అని ఏడుపందుకుంది. "నేను ఫ్రైడే వస్తున్నా. ఈసారి ఫారం నేను ఫిల్ చేస్తా."

అన్నట్టే సాహితే నింపింది. పన్నెండు చోట్లకీ టిక్ పెట్టి, నాచేత సంతకం చేయించింది.

నేను సిగ్గు విడిచి డాక్టర్ మెర్సర్‌కి ఒక ఉత్తరం రాశాను. క్షమించమని, వీలైతే ఆ స్లైడ్లు నాకూ చూపించమని. ఒప్పుకుంటుందని అనుకోలేదు. రమ్మంది. అరవై ఏళ్లుంటాయేమో, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, కాళ్లకి పరుగుపందెం బూట్లు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడు చూసే మైక్రోస్కోపు ఒకటి ఉంది ఆవిడ గదిలో.

"ఇది మీరు పంపింది," అంది. వంగపండు రంగు, గులాబీ రంగు. చిన్న చిన్న గుండ్రటి గూళ్లు, కిక్కిరిసి ఉన్నా దేని గోడ దానికి ఉంది. "ఇది మూడు." స్లైడు మార్చింది. "ఇది మీరు దాచింది." గోడలు కూలి గూళ్లన్నీ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. కొన్నిచోట్ల జల్లెడలా చిల్లులు. చదువు లేని వాడికైనా తెలుస్తుంది తేడా. "ఇది నాలుగు."

"ఎంత ఉంది?"

"మొదటి పాథాలజిస్టు సగానికి తక్కువన్నారు. నాకు సగానికి పైనే కనిపిస్తోంది. నా లెక్కలో ఇది నాలుగు ప్లస్ మూడు."

"ఏడే కదా మరి! కూడికలో అటుది ఇటు మారిస్తే ఏమవుతుంది?"

"ముందు రాసేది ఎక్కువగా ఉన్న రకం. మూడు ముందుంటే చాలా భాగం ఇంకా పద్ధతిగా ఉన్నట్టు. నాలుగు ముందుంటే చాలా భాగం చెడినట్టు. మీ గ్రూపు రెండు కాదు, మూడు."

బేరమాడితే ధర పెరిగిన చోటు ప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది. అయినా నోరు ఊరుకోలేదు.

"సగానికి అటూ ఇటూ అంటున్నారు కదా డాక్టర్, కొంచెం ఇటువైపు..."

"నేను ధర చెప్పడం లేదు మిస్టర్ రావ్. ఉన్నది చెబుతున్నాను. ఇలాంటి చోట ఇద్దరు నిజాయితీపరులు వేరువేరుగా చూడొచ్చు. అందుకే నేనేమనుకున్నానో చెప్పకుండా పక్క గదిలో డాక్టరుకి కూడా చూపించాను. ఆవిడా ఇదే అంది."

రాజ్యం నన్ను పక్కకి జరగమని తను కూర్చుంది. కళ్ళజోడు తీసి, చాలాసేపు చూసింది.

"దిక్కుమాలింది, పట్టుచీర రంగుల్లో ఉంది," అంది తెలుగులో. డాక్టర్ మెర్సర్ ఏమన్నదని అడిగింది. చెప్పాను. అప్పుడు నవ్వింది ఆవిడ.

ఆ గదిలో నాకొకటి తెలిసింది. ఈ రోగం నన్ను అడక్కుండా వచ్చింది, నా మాట వినదు. సరే. కానీ దాని పేరు, దాని నంబరు నేను సరిగ్గా పలకగలను. దాన్ని చూసి నేనెందుకు కళ్ళు దించుకోవాలి? బయటికి రాగానే బెన్నెట్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆపరేషన్‌కి తేదీ ఇవ్వమన్నాను.

ఏప్రిల్, మే

ఆపరేషన్ ముందు పరీక్షల కోసం వెళ్లినప్పుడు, వెయిటింగ్ రూములో నా పక్కన గడ్డి రంగు టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన కూర్చున్నాడు. పేరు ఎర్ల్ అన్నాడు. అక్కడ మగవాళ్లు వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడిగాడు, "నీ నంబరెంత?" అని.

"ఫోర్ ప్లస్ త్రీ," అన్నాను. బయటివాడితో అలా అనడం అదే మొదలు.

"నాది ఫోర్ ప్లస్ ఫైవ్. ఏడేళ్లయింది." మోకాలి మీద ఒక్కటి చరిచాడు. "నిన్న పెరట్లో గడ్డి కోశాను. నా భార్య తిట్టింది, వంకరగా కోశానని."

నన్ను పిలిచే ముందు ఒక మాట చెప్పాడు. "ఇంటికెళ్లేటప్పుడు చిన్న దిండొకటి తెచ్చుకో. సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య పెట్టుకో. ఇది ఎవరూ చెప్పరు." నిజంగానే ఎవరూ చెప్పలేదు. ఆపరేషనయ్యాక ఇంటికి వెళ్తున్నప్పుడు ప్రతి గుంతకీ ఆ మనిషిని తలుచుకున్నాను.

పది రోజులు మూత్రం గొట్టం, దానికో సంచి. ప్యాంటు పట్టదు. లుంగీ కట్టుకుని మా వీధి చివరి దాకా పొద్దున్నే నడిచేవాణ్ణి. నడవమని డాక్టరు చెప్పాడు. లుంగీలో నడవొద్దని చెప్పలేదు. రాజ్యం శాలువా పట్టుకుని వెనకే వచ్చేది.

"సంచి కనపడుతోందండీ."

"కనపడనీ. నాదేగా, ఎవరిదీ ఎత్తుకురాలేదుగా."

అంత పొగరుగా అన్నవాణ్ణి, కుక్కతో ఎదురొచ్చిన పక్కింటావిడ ఏమైందని అడగ్గానే "హెర్నియా" అన్నాను. మన తెలుగు స్నేహితులకీ అదే చెప్పాం. రాజ్యానికి జాలి చూపులంటే భయం. "రేపు ప్రతి ఫంక్షన్లోనూ నన్ను పట్టుకుని మీ ఆయనకి ఎలా ఉందమ్మా అని గొంతు తగ్గించి అడుగుతారు. నేను పడలేను," అంది. సరే అన్నాను. పరమాన్నం తర్వాత కాదనే హక్కు నాకు లేదు.

గొట్టం తీశాక అసలు సినిమా మొదలైంది. ప్యాడ్లు. తుమ్మితే, లేస్తే, నవ్వితే కారేది. నా జోకులకి నేనే ముందు నవ్వే అలవాటు మానుకోవాల్సి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి షాపులో పెద్దవాళ్ల డైపర్ల దగ్గర నిలబడి సైజులు చదువుతుంటే తెలిసినవాడు ఎదురుపడకూడదని మొక్కుకుంటాడు. మూడోసారికి మొక్కడం మానేశాను. రెండో ఇబ్బంది ఇంకా పూర్తిగా తీరలేదు. ఈ వాక్యం కొట్టేయమంది రాజ్యం. కొట్టేయలేదు. ఈ సంగతి రాసేవాళ్లు లేకే నాలాంటివాళ్లు భయపడి స్లైడ్లు ఏరుతున్నారు.

తీసేసిన ప్రోస్టేట్ మొత్తాన్నీ మళ్ళీ చూసి ఇంకో రిపోర్టు రాశారు. 4+3 అలాగే నిలిచింది. మెర్సర్ కన్ను తప్పలేదు. కోసిన అంచుల్లో మాత్రం క్యాన్సర్ లేదు, బయటికి పాకలేదు. ఆ తర్వాత చేసిన పరీక్షల్లో పీఎస్‌ఏ కొలతకి అందనంత తక్కువ. మళ్ళీ మూడు నెలలకి రమ్మన్నారు, ఆ తర్వాత మళ్ళీ. ఏళ్ల తరబడి వెళ్తూనే ఉండాలి. వెళ్తాను.

అక్టోబరు

మా స్నేహితుడు ప్రసాద్ ఇంట్లో శనివారం పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. హాల్లో మగవాళ్లం, వంటింటి బల్ల చుట్టూ ఆడవాళ్లు. గంటలో రెండోసారి నేను బాత్రూముకి వెళ్లొచ్చేసరికి, మాలో చిన్నవాడు శ్రీధర్ అడిగాడు, "అన్నా, ఆ హెర్నియా ఇంకా ట్రబుల్ ఇస్తోందా?"

ప్లేటు చేతిలో ఉంది. గోంగూర మటన్. అబద్ధం నాలిక చివర సిద్ధంగా ఉంది, అలవాటైన సరుకు కదా. ఎందుకో ఆ క్షణంలో దాన్ని అమ్మడానికి ఒళ్లు మండింది.

"హెర్నియా కాదు శ్రీధర్. ప్రోస్టేట్ క్యాన్సర్. తీసేశారు."

ఎవరో టీవీ గొంతు నొక్కారు. ప్రసాద్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఊరుకో బావా, అందరూ భోంచేస్తున్నారు."

"భోంచేస్తూనే వినండి. యాభై దాటినవాళ్లు ఇక్కడ ఏడుగురున్నారు. పీఎస్‌ఏ చూపించుకున్నవాళ్లెంతమంది?"

అందరికీ ఒక్కసారిగా ప్లేట్లలో చాలా పని పడింది. వంటింట్లోంచి ప్రసాద్ భార్య సునీత గొంతు వినబడింది. "అన్నయ్యగారూ, మా ఆయన్ని గట్టిగా అడగండి! రెండేళ్లుగా ఆఫీసు బిజీ అంటున్నారు!"

అందరూ నవ్వారు. ప్రసాద్ నవ్వలేదు. శ్రీధర్ కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "ఏ స్టేజ్ అన్నా?" అన్నాడు.

"స్టేజ్ వేరు, గ్రేడ్ వేరు. ఎంత దూరం పాకిందో అది స్టేజ్. ఎంత పొగరుగా పెరుగుతోందో అది గ్రేడ్. గొంతు తగ్గించకు, చెబుతా." అరచెయ్యి చాపి, నంబర్లు, వాటి వరుస, అంతా వివరించాను. దుకాణంలో సరుకు వర్ణించినట్టే బాగా వచ్చింది. అందరూ వింటున్నారు. ఆ ఊపులో, "నాది త్రీ ప్లస్ ఫోర్," అనేశాను.

వంటింటి వైపు గరిటె గిన్నెకి తగిలిన చప్పుడైంది.

"ఫోర్ ప్లస్ త్రీ," అంది రాజ్యం. ఇల్లంతా వినపడేటట్టు. ఆడవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. ఆమె మాత్రం నన్నే చూస్తోంది. "సరిగ్గా చెప్పండి."

"ఫోర్ ప్లస్ త్రీ," అన్నాను, నేనూ గట్టిగానే.